తాళాలు చేతికొచ్చాక

పోజ్జరెల్లో
ఫిబ్రవరి చివర, 1988

పిన్నీ,

నీ రెండు ఉత్తరాలకీ కలిపి ఒకటే జవాబు. తిట్టుకో, పడతాను. ఇక్కడ వాన పట్టుకుంటే మా దిబ్బల మీది మట్టి సబ్బులా అయిపోతుంది. పోస్టుమాన్ మలుపు దాటి పైకి రాడు, ఉత్తరాలన్నీ కిందింటి వాళ్ళకి పడేసి పోతాడు.

చలికాలం కదా, అతిథులుండరు, కాళ్ళు చాపుకుని కూర్చున్నావా అని అడిగావు. కూర్చోనిస్తేనా! పాత పశువుల కొట్టాన్ని ఇంకో రెండు గదులు చేశాం. ఆవులున్నప్పుడు పాలిచ్చి ఊరుకునేవి. ఇప్పుడు అక్కడ పడుకునేవాళ్ళకి వేడినీళ్ళు కావాలి, కిటికీలోంచి సియెనా బురుజు కనిపించాలి, పొద్దున్నే ఊళ్ళోకి దారి చెప్పాలి. చెప్తూనే ఉంటాను. పుట్టి పెరిగిన ఊరికి దారి చెప్పి, వాళ్ళ కార్లు దిబ్బ దిగేదాకా గుమ్మంలో నిలబడి, లోపలికొచ్చి వాళ్ళ ఎంగిలి కప్పులు కడుగుతాను.

అసలు సంగతి ఇది. నిన్న పై గదిలోకి వెళ్తే మా పిల్ల నెరీనా పక్క వేస్తోంది. ఎవరూ చెప్పలేదు. దుప్పటి మూలలు అచ్చం మా అత్తలాగే మడిచి, అరచేత్తో తట్టి, వెనక్కి జరిగి తల వంచి చూసుకుంది. మా అత్త గుమ్మంలోంచి, "చూశావా, దీని చేతికి పని తెలుసు. దీనికి నేర్పక్కర్లేదు" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. పదకొండేళ్ళు నిండలేదు పిన్నీ దానికి!

సెప్టెంబరులో పెద్ద బడిలో చేరాలి. మా ఆయన ఒరెస్తే ఏమంటాడో తెలుసా? "పక్క ఊళ్ళో బడి ఉందిగా, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తుంది, గదుల పనికి సాయంగా ఉంటుంది" అంటాడు. నన్నూ ఈ ఇంటికి సాయంగానే తెచ్చారు. పెళ్ళాన్ని తెచ్చుకున్నారని నేనొక్కదాన్నే అనుకున్నాను.

దాన్ని నీ దగ్గర ఉంచి అక్కడే చదివించాలి. అంతకంటే ముందు మన పేట పండగరోజు మన ఫౌంటెన్ దగ్గర దానికి నీళ్ళు పోయించాలి. ఆ నీళ్ళు పడితే అది పేట పిల్ల. మన సందులో ఎవరూ దాన్ని పొలం పిల్ల అనరు. పడకపోతే నీ ఇంట్లో పడుకున్నా పరాయిదే, ఆ మాట నాకంటే నీకే బాగా తెలుసు.

ఈ ఏడు తప్పదు. నిరుడు ఆ పండగనాడే మా ఇంట్లో దిగిన హాలండు ఆవిడ సాయంత్రం మెడలో మన పేట కండువాతో తిరిగొచ్చింది. ఏదో దుకాణంలో కొనుక్కుందట. భోజనం బల్ల దగ్గర దాన్ని విప్పి నాకు చూపించి, "ఎంత అందమైన ఊరు! మీరెప్పుడైనా వెళ్ళారా?" అంది. సూపు గిన్నె చేతిలో ఉంది కాబట్టి బతికిపోయింది.

నీ ఫోస్కా

*

సియెనా
మార్చి

ఒసేయ్ ఫోస్కా,

ప్రతి ఏడూ ఇదే పాట. ఒక ఏడు గడ్డి కోత అన్నావు. ఒక ఏడు మీ అత్త కాలు బెణికిందన్నావు. ఈ మూడేళ్ళూ అతిథులు, అతిథులు, అతిథులు. మన పేటలో పసిగుడ్డుల్ని ఒడిలో పట్టుకొచ్చి నీళ్ళు పోయిస్తారు, నువ్వేమో పిల్లకి పెళ్ళీడు వచ్చేదాకా ఆగేలా ఉన్నావు.

పేట పెద్ద ఎత్తోరెతో మాట్లాడాను. పిల్ల పెద్దదైపోయిందని మూతి విరిచాడు. "నా చేత్తో ముప్ఫై ఏళ్ళుగా ఈ పేట జెండాలు కుడుతున్నాను, నా అక్క మనవరాలికి దోసెడు నీళ్ళు పోయవా?" అని కడిగేశాను. పేరు రాసుకున్నాడు. పండగ మే నెలాఖరు ఆదివారం. తల్లో తండ్రో పక్కన నిలబడాలన్నాడు. మీ ఆయన నిలబడతాడా? జున్ను అమ్ముకోవడానికి మన సందులోకి వచ్చినప్పుడు తప్ప ఆ మనిషి కోటగోడ దాటి ఊళ్ళోకి రావడం నేను చూడలేదు. నువ్వే రావాలి.

నీకు మీ అత్త జెలిండా ముక్కుతాడు వేసింది తల్లీ, నువ్వేమో అది ముక్కుపుడక అనుకుంటున్నావు. సంతకి వెళ్ళాలన్నా ఆవిణ్ణి అడగాలా? నూనె జాడీ తెరవాలన్నా ఆవిడ నడుముకున్న తాళాలే కావాలా? కౌలు రోజులు పోయి ఎన్నేళ్ళైంది! భూస్వామి పోయాడు, ఆవులు పోయాయి, ఆ ముసల్ది మాత్రం ఇంకా మస్సాయాని, ఇంటి పెద్ద ఇల్లాలినంటూ వంటిల్లు ఏలుతోంది.

అడుగు. సిగ్గుపడకు. "ఇక నాకియ్యి అత్తయ్యా" అని తాళాలు అడుగు. అవి నీ చేతికొస్తే నిన్ను ఆపేవాళ్ళు ఎవరు?

పిన్ని ఆర్జియా

*

పోజ్జరెల్లో
ఈస్టరు వెళ్ళిన బుధవారం

పిన్నీ పిన్నీ పిన్నీ,

కూర్చుని చదువు. ఇచ్చేసింది!

నేను అడగనేలేదు. అడగాలని వారం రోజులు వంటింట్లో ఆవిడ చుట్టూ తిరిగాను. ఈస్టరు మధ్యాహ్నం బల్ల నిండా మనుషులు. కిందింటివాళ్ళు, ఒరెస్తే మేనమామ, నలుగురు జర్మనీవాళ్ళు. గొర్రె మాంసం వడ్డించడం అయింది. మా అత్త కూర్చోకుండా అలాగే నిలబడింది. నడుముకున్న తాళాల కడియం విప్పింది. ఒరెస్తే తింటున్నవాడు ఆపేశాడు. ఆవిడ బల్ల చుట్టూ నడుచుకుంటూ వచ్చి నా కంచం పక్కన తాళాలు పెట్టి, "ఇవాళ్టి నుంచి ఈ ఇంటి మస్సాయా ఫోస్కా. సాక్ష్యం మీరందరూ" అంది.

మేనమామ లేచి నిలబడి టోపీ తీశాడు. జర్మనీవాళ్ళకి ఏమర్థమైందో గానీ చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చేశాను. పదమూడేళ్ళ కాపురంలో ఆ మనిషి నన్ను ఒక్కసారి మెచ్చుకుంది లేదు, ఊరందరి ముందూ ఇంటిని నా చేతిలో పెట్టింది.

ఆ రాత్రి ఒరెస్తేతో, "పండగకి నేనూ నెరీనా ఊళ్ళోకి వెళ్తున్నాం" అన్నాను. అడగలేదు సుమా, చెప్పాను. ఇన్నాళ్ళూ ఏదన్నా "అమ్మనడుగు" అనేవాడు కదా. ఇప్పుడు నవ్వి, "నన్నెందుకే అడుగుతావు, పెద్దదానివి నువ్వేగా" అన్నాడు.

ఎత్తోరెకి చెప్పు. తల్లి పక్కన నిలబడుతుందని చెప్పు.

ఫోస్కా

*

సియెనా
ఏప్రిల్

బంగారు తల్లీ,

నీ ఉత్తరం మన సందంతా చదివేశాను. రొట్టెల కొట్టు ఇనెస్ కళ్ళు తుడుచుకుంది. నేను చెప్పలేదూ!

నెరీనాకి కండువా కుడుతున్నాను, దుకాణంలో దొరికే రకం కాదు. నీది నా పెట్టెలోనే ఉంది, కలరా ఉండలేసి భద్రంగా దాచాను. చెప్పుల కొలత పంపు. శనివారమే వచ్చేయండి, నా మంచం మీద ముగ్గురం ఇరుక్కుందాం.

ఆర్జియా

*

పోజ్జరెల్లో
మే మొదట్లో

పిన్నీ,

చెప్పుల కొలత ఇందులో పెట్టాను, కాగితం మీద దాని పాదం చుట్టూ పెన్సిల్ గీసి.

శనివారం రాలేను. ఆదివారం పొద్దున బస్సుకే. ఏం కాలేదు, కంగారుపడకు.

తాళాల సంగతి చెప్పాలి. బాగానే ఉన్నాయి. అతిథులు తెల్లారకముందే తలుపు కొట్టి పంచదార అడుగుతారు. దిండు అడుగుతారు. వేడినీళ్ళు ఆగాయని అడుగుతారు. ఒరెస్తే తన మేజోళ్ళు ఎక్కడున్నాయని కూడా నన్నే అడుగుతున్నాడు, అదేదో తాళం వేసి పెట్టినట్టు. వీటన్నిటికీ ఇన్నాళ్ళూ మా అత్త లేచేదని నాకు తెలియనే తెలియదు. నేను నిద్రపోతూ ఉండేదాన్ని.

ఆవిడేమో గుమ్మం పక్క బల్ల మీద ఎండలో కూర్చుంటోంది. కౌలు ఇళ్ళ పద్ధతి నీకు తెలియదు, నాకూ సరిగ్గా తెలియలేదు. తాళాలు ఇచ్చిన మనిషి ఆ రోజు నుంచి పొయ్యి ముట్టుకోదు. నిన్న అటు ఇరవై మంది, ఇటు నేనొక్కదాన్ని. పీచికి, అదే లావు సేమ్యాకి, పిండి పిసుకుతూ, "అత్తయ్యా, ఆ చిక్కుళ్ళు కాస్త కలుపు, మాడిపోతున్నాయి" అన్నాను. ఆవిడ లేవలేదు. "వంటిల్లు నీదమ్మా. నేను చెయ్యి పెడితే నిన్ను అవమానించినట్టు" అంది. కోపంగా కాదు పిన్నీ, చాలా మర్యాదగా అంది. చిక్కుళ్ళు మాడాయి. మధ్యాహ్నం వచ్చి, "కొంచెం ఉప్పు ఇప్పిస్తావా మస్సాయా?" అని చెయ్యి చాపింది. ఉప్పు ఆవిడ ముందే ఉంది!

ఒళ్ళు మండి అడిగేశాను, నా మీద నీకేం కసి అని. ఆవిడ ఆశ్చర్యపోయింది. "కసేంటే? మా అత్త నాకు తాళాలిచ్చి మర్నాడే వాళ్ళ చెల్లెలింటికి పోయి ద్రాక్షకోత దాకా రాలేదు. అప్పుడు నేను ఏడ్చాను. ఇప్పుడు నువ్వేడువు. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలిగా" అంది.

ఇంకో మాట రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను. ఆ ఆదివారమే ట్రావెల్ కంపెనీవాళ్ళు బస్సు నిండా మనుషుల్ని మధ్యాహ్నం భోజనానికి పంపుతున్నారు. ఒరెస్తే నాతో చెప్పకుండానే ఒప్పుకున్నాడు. ఆ భోజనం చెడితే వాళ్ళు మళ్ళీ మా దిబ్బ ఎక్కరట. నేను శనివారమే అంతా వండేస్తాను. కుందేలు కూర చల్లగా అయినా తినొచ్చు. వడ్డన ఒరెస్తే చేస్తాడు. వస్తాను. రాసి పెట్టుకో, వస్తాను.

ఫోస్కా

*

సియెనా
పండగ వెళ్ళిన గురువారం

ఫోస్కా,

నీతో మాట్లాడకూడదని నాలుగు రోజులు పెన్ను ముట్టలేదు. ఉండబట్టలేక రాస్తున్నాను.

బస్సు స్టాండులో నేనూ ఇనెస్సూ నీకోసం చూస్తుంటే, నల్ల గౌను, నల్ల టోపీ, చేతిలో కోడిగుడ్ల బుట్ట, మీ అత్త దిగింది! వెనకాల నెరీనా. ఆ వెనకాల నువ్వొస్తావని బస్సు ఖాళీ అయ్యేదాకా చూశాను. డ్రైవరు తలుపు వేసేశాడు.

"ఫోస్కా ఏది?" అంటే, "ఇంట్లో. తాళాలున్నాయిగా" అంది. అంతే.

పిల్లకి నీళ్ళు పడ్డాయి, ఆ దిగులు పెట్టుకోకు. కానీ నువ్వు రాలేదు, పిల్ల పక్కన నీ చోటు ఖాళీగా ఉండిపోయింది. నిన్ను ఆ ఫౌంటెన్ దగ్గర ఎత్తుకున్నది నేనే, మీ అమ్మకి జ్వరం ఆ రోజు. ఏమైందో రాయి. కుందేలు కూర కబుర్లు కాదు, నిజం రాయి.

ఆర్జియా

*

పోజ్జరెల్లో
జూన్

పిన్నీ,

నిజమే రాస్తాను.

శనివారం అంతా వండేశాను. ఆదివారం తెల్లారి నెరీనాకి జడలు వేశాను, నేను నా నీలం గౌను వేసుకున్నాను. ఒరెస్తే వంటింట్లో కంచాలు ఎన్ని పెట్టాలో లెక్క తేలక అప్పుడే రెండు పగలగొట్టాడు. పొయ్యి అంటించమంటే నా వంక చూశాడు, అదెలా అన్నట్టు. ఆ మనిషి ట్రాక్టరు విప్పి మళ్ళీ బిగించగలడు పిన్నీ, పొయ్యి మాత్రం అంటించలేడు. అయినా సరే వదిలేసి బయటికొచ్చాను.

గుమ్మం పక్క బల్ల మీద మా అత్త టోపీ పెట్టుకుని కూర్చుంది. "నేనూ వస్తున్నాను" అంది. "నువ్వుంటే కదా నేను వెళ్ళగలిగేది! కనీసం వాళ్ళకి ఏది ఎక్కడుందో చెప్పు" అన్నాను. "నేను చెప్పకూడదు. ఈ ఇంట్లో నా మాట చెల్లే రోజు ఈస్టరుతో అయిపోయింది" అంది. "అయితే రేపు తాళాలు నీకే ఇచ్చేస్తాను" అన్నాను. "ఇచ్చినవి తీసుకోరు" అంది.

అరిచాను. జీవితంలో మొదటిసారి ఆవిడ మీద అరిచాను. ఆవిడ విన్నదంతా విని, టోపీ సర్దుకుని, "నేను ఈ గుమ్మంలోంచి ఆ బురుజును పెళ్ళైనప్పట్నుంచీ చూస్తున్నాను. ఒక్కసారి కూడా దాని కిందికి వెళ్ళలేదు. పిల్లని నేను తీసుకెళ్తా. లేకపోతే నువ్వు తీసుకెళ్ళు, ఇల్లు అలా వదిలెయ్. ఏదో ఒకటి చెయ్యి, బస్సు వస్తోంది" అంది.

పిన్నీ, పదహారు కిలోమీటర్లు. ఎన్నడూ వెళ్ళలేదట! నన్ను కట్టేసింది ఈవిడేనని ఇన్నేళ్ళు తిట్టుకున్నాను. ఆవిడ తాడు నాకంటే పొట్టిదని నాకేం తెలుసు?

కింద మలుపులో బస్సు హారన్ వినిపించింది. పోట్లాడుతూ నిలబడితే అది పోతుంది, నీళ్ళు ఈ ఏడూ పడవు, సెప్టెంబరులో ఇది పక్క ఊరి బడికి పోతుంది. నెరీనా చెయ్యి తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను. నేను వెనక్కొచ్చి పొయ్యి అంటించాను.

వచ్చినవాళ్ళు బాగా తిన్నారు. వెళ్ళేముందు ఒకాయన నా చెయ్యి పట్టుకుని, ఇంత ప్రశాంతమైన చోట బతకడం మీ అదృష్టం అన్నాడు. గాలి ఇటు తిరిగినప్పుడు ఊళ్ళో డప్పులు వినిపించినట్టే అనిపించింది. నేను గిన్నెలు తోముతూ విన్నాను.

అక్కడ ఏం జరిగిందో మొత్తం రాయి. నెరీనాని అడిగితే "బాగుంది" అంటుంది, ఇంకేం చెప్పదు. మా అత్తని అడగబుద్ధి కాలేదు.

ఫోస్కా

*

సియెనా
జూన్

నా తల్లీ,

నాలుగు రోజులు నిన్ను తిట్టుకున్నందుకు నా చెంపలు వాయించుకోవాలి. తాళాలు అడగమని పోరింది నేనే కదా. అవి చేతికొస్తే తలుపు తెరుచుకుంటుందనుకున్నాను. ఊళ్ళో పుట్టిన మొద్దుని, కౌలు ఇళ్ళ సంగతి నాకేం తెలుసు.

విను. తల్లో తండ్రో ఉండాలని ఎత్తోరె పేచీ పెట్టాడు. మీ అత్త ఆయన ఎదుట నిలబడి, "తల్లి మీలాంటివాళ్ళకి అన్నం పెడుతోంది. నువ్వు నీళ్ళు పోసెయ్" అంది. ఆయన ఆగితే ఒట్టు! నీళ్ళు పోసిన మరుక్షణం పిల్ల తల తన కొంగులాంటి నల్ల శాలువాతో తుడిచేసి, "పిల్లకి జలుబు చేస్తే ఎవరు చూస్తారు?" అని ఆయన్నే గదిమింది. పేటంతా నవ్వింది. సాయంత్రం విందులో సూపు పల్చనగా ఉందంది. బురుజు కింద నిలబడి మెడ విరిగేలా చూసి, "దగ్గర్నుంచి ఇంత పొడవా! అక్కడ్నుంచి నా బొటనవేలంత ఉంటుంది" అని, టోపీ కళ్ళ మీదికి లాక్కుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాళ్ళు నొప్పెట్టి చౌకులో ఇటుకల మీదే కూలబడి చెప్పులు విప్పేసింది. నాకు ఆవిడ నచ్చింది, ఏం చెయ్యమంటావు.

నీకు రాయనిది ఒకటుంది. నువ్వే అడిగావు కాబట్టి రాస్తున్నాను.

ఆ రాత్రి ముగ్గురం నా మంచం మీదే పడుకున్నాం. నెరీనా నా చెవిలో, "చిన్నమ్మమ్మా, నేను ఇక్కడే ఉండిపోనా?" అంది. "అమ్మనడగాలి కదే" అన్నాను. "అమ్మకి చెప్పకు. నేను లేకపోతే పై గదులు అమ్మే చెయ్యాలి. అమ్మకి నడుం నొప్పి" అంది. అందుకే అది నీకు "బాగుంది" అని ఊరుకుంది.

మీ అత్త నిద్రపోతోందనుకున్నాను. చీకట్లోంచి అంది, "ఉంచేసుకో ఆర్జియా. ఆ పిల్లకి పని మరీ బాగా వచ్చేసింది. నేను మెచ్చుకుంటూ ఉంటాను, అది ఇంకా నేర్చుకుంటూ ఉంటుంది. నన్నూ ఇలాగే మెచ్చుకున్నారు."

ఇక నీ ఇష్టం. మంచంలో జాగా ఉంది.

ఆర్జియా

*

పోజ్జరెల్లో
జూన్ చివర

పిన్నీ,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. నెరీనా చేతికిచ్చి పంపుతున్నాను. నిరుడు వచ్చిన హాలండువాళ్ళు మళ్ళీ దిగారు, పొద్దున్నే ఊళ్ళోకి పోతున్నారు, వాళ్ళ కారులోనే ఎక్కించాను. సెప్టెంబరు దాకా ఆగలేను. ఆగితే పంపలేను.

నిన్న దాన్ని కూర్చోబెట్టి, నా నడుం నొప్పి నాది, నీది కాదు అని చెప్పాను. నా ముఖం చూసి నిజమో కాదో తేల్చుకోవాలని చూసింది. నవ్వాను. నమ్మిందో లేదో తెలియదు. ఒరెస్తే రాత్రి అటు తిరిగి పడుకున్నాడు. పొద్దున మాత్రం దాని పెట్టె తనే మోసుకెళ్ళి కారులో పెట్టి, డబ్బా నిండా గొర్రెపాల జున్ను పక్కన ఇరికించాడు. మా అత్త గుమ్మంలోనే కూర్చుంది, లేవలేదు. పిల్ల ముద్దు పెడితే, "ఇక పో, ఎండెక్కుతుంది" అంది.

నా సంగతి అడగకు. నేను బాగానే ఉన్నానని రాస్తే నువ్వు నమ్మవు. చలికాలంలో గదులు మూశాక ఒకసారి రావాలని ఉంది. వస్తానని మాత్రం రాసి పెట్టుకోకు. గదులు పదకొండయ్యాయి.

ఒకటే అడుగుతున్నాను. ఆదివారాలు దాన్ని ఇక్కడికి పంపకు. వస్తే ఊరుకోదు, వచ్చీ రాగానే చీపురు వెతుక్కుంటుంది, నేను ఆపలేను, ఆపాలని కూడా అనిపించదు. అదీ నా భయం. నన్ను చూడాలనిపిస్తే ముందుగా ఉత్తరం రాసి గది అడగమను. ఈ ఇంట్లోంచి రోజూ పొద్దున్నే బయటికి వెళ్ళగలిగేది అతిథులే పిన్నీ. నా కూతుర్ని అతిథిలాగే రానియ్యి.

ఫోస్కా